ఏనుగు పడిన ఊరు

పశ్చిమ జర్మనీలోని వుప్పర్‌టాల్ నగరానికి వెళ్లిన సందర్శకుడికి రెండో రోజు మధ్యాహ్నానికల్లా ఒక ఏనుగు మీద కోపం మొదలవుతుంది. ఏనుగు జాతి మీద అతనికి ఏ ద్వేషమూ ఉండదు. కోపమంతా టుఫి అనే ఒక్క ఆడ ఏనుగు మీదనే. అది 1989లోనే ఫ్రాన్స్‌లో కన్నుమూసింది గనుక ఆ కోపం తీర్చుకునే దారి కూడా లేదు. గోడ మీది బొమ్మ టుఫి, పాల డబ్బా మీది పేరు టుఫి, వుప్పర్ నది మధ్యలో కూర్చోబెట్టిన రాతి విగ్రహం టుఫి. ఫ్రెడ్రిక్ ఎంగెల్స్ కుటుంబపు ఇల్లు ఎటని అడిగినవాడికి కూడా దారి చెప్పే ముందు ఏనుగు కథ చెప్పి పంపే ఊరు అది.

కథ జరిగిన వాహనం పేరు ష్వేబెబాన్. పట్టా పైన, పెట్టె కింద ఉండి, వేలాడుతూ నడిచే రైలు ఇది. ఊరున్న లోయ మరీ ఇరుకు కావడం వల్ల, నేల మీద జాగా అంతటినీ మిల్లులు, ఇళ్లు, రోడ్లు పంచుకోగా మిగిలింది నది పైనున్న గాలి ఒక్కటే కావడం వల్ల, ఇంజనీరు ఆయ్‌గెన్ లాంగెన్ రూపకల్పనను అనుసరించి ఇనుప కాళ్లు నిలిపి, 1901లో ప్రజలకు తెరిచారు. మొత్తం 13.3 కిలోమీటర్లు, 20 స్టేషన్లు. అంతకు ముందు ఏడాది చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ ఇందులో ప్రయాణించి క్షేమంగా దిగాడు. క్షేమంగా దిగాడు గనుకనే ఆయన గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

1950 జులై 21న ఒక సర్కస్ యజమాని ప్రచారం కోసం నాలుగేళ్ల టుఫిని ఈ రైలెక్కించాడు. దానికి నాలుగు టికెట్లు కొన్నాడని చెప్పుకుంటారు. ఈ నాలుగు అనే సంఖ్యకు ఆధారం ఏమిటన్నది లోతైన పరిశీలన కోరే ప్రశ్న. కాలికొకటి చొప్పున లెక్క కట్టారనుకుంటే అదే సూత్రం ప్రకారం తక్కిన ప్రయాణికులు తలకు రెండేసి కొనవలసి ఉంటుంది. బరువును బట్టి అనుకుంటే పత్రికా విలేకరులలో కొందరైనా అదనపు రుసుము చెల్లించాలి. వయసును బట్టి అనుకుంటే నాలుగేళ్ల పిల్లకు అసలు టికెట్టే అక్కరలేదని ఏ తల్లి అయినా కండక్టరుతో వాదించి గెలవగలదు. ఎక్కిన కాసేపటికే విలేకరుల రద్దీకీ పెట్టె ఊగడానికీ బెదిరిన ఏనుగు పక్కగోడను బద్దలు కొట్టుకుని పది, పన్నెండు మీటర్ల కిందనున్న వుప్పర్ నదిలోకి దూకింది. చిన్న గీతలు తప్ప గాయాలేమీ తగలలేదు. యజమానికీ, రైలు అధికారి ఒకరికీ జరిమానా పడింది. ప్రయాణం సగంలోనే ముగిసినందున మిగిలిన దూరానికి టికెట్టు సొమ్ము వాపసు ఇవ్వవలసి ఉన్నదా, ఇస్తే ఎవరికి ఇవ్వాలి అన్న విషయాన్ని మాత్రం ఏ మార్గదర్శకుడూ ప్రస్తావించడు. పెట్టెనిండా విలేకరులు ఉండి కూడా అది దూకిన క్షణానికి అసలైన ఫోటో ఒక్కటీ లేదు. అంగడిలో అమ్మే కార్డు మీద గాలిలో తేలుతున్న ఏనుగు తర్వాత అతికించి తయారు చేసినది.

ఇదే ఊరి ఎల్బర్‌ఫెల్ట్ భాగంలో, బాయర్ సంస్థ ప్రయోగశాలలో 1897లో ఫీలిక్స్ హోఫ్‌మాన్ ఆస్పిరిన్‌ను శుద్ధరూపంలో తయారుచేసి, కొద్ది రోజుల్లోనే తర్వాత హెరాయిన్ పేరుతో దగ్గుమందుగా అమ్ముడుపోయిన పదార్థాన్ని కూడా చేశాడు. 1973 నుంచి పీనా బౌష్ ఆధునిక నృత్యానికి కొత్త రూపం ఇచ్చింది ఇక్కడే. వీటిలో ఏ ఒక్కటి దక్కినా మరో ఊరు దాన్ని చూపించుకుని శతాబ్దాలు బతికేసేది.

రైలు సంగతీ అంతంత మాత్రమే. కొత్త పెట్టెల చక్రాలు తొందరగా అరిగిపోతూ ఉండటంతో 2020 ఆగస్టు నుంచి దాదాపు ఏడాదిపాటు అది శని, ఆదివారాల్లోనే నడిచింది. అంటే కార్మికులను పనికి చేర్చిన రైలు పని లేని రోజుల్లో మాత్రమే తిరిగిందన్నమాట. పైగా ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. 1919 నాటి వైమార్ రాజ్యాంగం ఆదివారపు విశ్రాంతికి ఇచ్చిన రక్షణను నేటి రాజ్యాంగం యథాతథంగా నిలుపుకుంది గనుక, ఆకలితో దిగిన సందర్శకుడు తన ఫిర్యాదును ఒక జాతి మౌలిక శాసనానికి వ్యతిరేకంగా దాఖలు చేసుకోవలసి ఉంటుంది.

అయితే ఏనుగును అంతగా ముందుకు తోయడానికి కారణం లేకపోలేదు. ఇదే ఊరి బార్మెన్ భాగంలో 1820లో మిల్లు యజమాని ఇంట పుట్టిన ఎంగెల్స్ పద్దెనిమిదేళ్ల వయసులోనే ఈ లోయ గురించి రాసినప్పుడు, అద్దకపు రంగుతో ఎర్రబారిన నదినీ, మిల్లుల్లో బాల్యం పోగొట్టుకున్న పిల్లలనూ, తాగుడులో మునిగిన నేతగాళ్లనూ చూపించాడు. అటువంటి వాటిని కార్డు మీద ముద్రించి అమ్మడం కష్టం. ఆ ఎరుపు తెలుగు తీరానికి దూరమైనది కూడా కాదు. చిరివేరు, అంటే ఎర్ర రంగునిచ్చే మొక్క వేరు, మచిలీపట్నం కలంకారీకి ఒకప్పుడు ప్రాణం. 1868–69లో జర్మన్ రసాయనవేత్తలు ఆలిజరిన్ అనే ఎర్ర రంగును కృత్రిమంగా తయారుచేసే పద్ధతి కనుగొన్నాక బాయర్ కూడా దాన్ని తయారుచేసి అమ్మింది, మచిలీపట్నం దగ్గరి పెడన అద్దకపు కాగుల్లో నేటికీ ఉడుకుతున్నది ఆలిజరినే.

వుప్పర్‌లో ఇప్పుడు నీరు తేటగా ఉంది, చేపలు తిరిగి వచ్చాయి. మార్గదర్శకులు ఈ మాటను నిజమైన సంతోషంతోనే చెబుతారు. అద్దకపు పని లోకం నుంచి మాయం కాలేదని, తిరుప్పూరు పక్కన నొయ్యల్ నదిలోకి రంగునీరు వదలడం ఆగకపోవడంతో 2011లో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకపు కేంద్రాలను మూసివేయమని ఆదేశించవలసి వచ్చిందని తెలిసినవాడికి, వంతెన మీద నిలబడి ఆ సంతోషంలో పూర్తిగా పాలుపంచుకోవడం కొంచెం కష్టంగానే ఉంటుంది.