రూలు మారిందా తమ్మీ? అస్సలు ఊకోకు

ఫాంటసీ క్రికెట్‌లో రూలు మారిన్నాడు ఎట్ల మండిపడాలో కమ్మర్‌పల్లి పిల్లలకు నేర్పేవాళ్లు లేరు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ముందుగా, రూల్స్ చదవకు. చదివితే సగం కోపం అక్కడే చల్లారుతుంది. 2023లో ఐపీఎల్‌కు ఇంపాక్ట్ ప్లేయర్ రూలు వచ్చినప్పుడు, టాస్ దగ్గర పదకొండు మందితో పాటు ఐదుగురు సబ్‌స్టిట్యూట్ల పేర్లిస్తారని, వాళ్లల్లో ఒక్కడే దిగొచ్చని రాసే ఉంది. నువ్వు మాత్రం దిగనోణ్ని కెప్టెన్ చేసి, సున్నాను రెండింతలు చేసుకున్నాక చాయ్ హోటల్ల "గిదేం రూలురా బై!" అని గట్టిగా అను. యాప్ వాళ్లకు వినిపించకపోయినా చాయ్ పోసే అన్నకు వినిపిస్తుంది. జవాబు చెప్పాల్సింది ఆయనే.

పోరాటం ఎట్ల చేయాలో మన జిల్లాకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు కోసం, పంటకు మద్దతు ధర కోసం నిజామాబాద్‌లో 178 మంది రైతులు పోటీకి దిగారు. బరిలో మొత్తం 185 మంది. వాళ్ల పేర్లు పట్టడానికి ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. నువ్వూ 178 టీములు పెట్టు, అన్నిటికీ ఒకటే కెప్టెన్. రైతులకు బోర్డు 2025 జనవరిలో వచ్చింది. ఆ లెక్కన నీ పాయింట్ల గొడవ కూడా ఆరేళ్లలో తేలుతుంది. అప్పటికి నీ కెప్టెన్ రిటైరై కామెంటరీ చెప్తుంటాడు, అది వేరే సంగతి.

పైసలు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లోనే ఆపింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఇప్పుడు ఉత్తగనే ఆడుతున్నం, పోయేది ర్యాంకే గదా అని తేలిగ్గా తీసుకోకు. పైసలు పోతే ఇంట్ల దాచాలి. ర్యాంకు పోతే బస్టాండు దాకా చెప్పుకోవచ్చు.

దోహాలో ఉన్న బావను చూసి నేర్చుకో. ఆయన ఇంగ్లిష్ ఫుట్‌బాల్ ఫాంటసీ మనిషి. 2024-25 సీజన్‌లో అందులో అసిస్టెంట్ మేనేజర్ చిప్ అనే కొత్త రూలు తెచ్చారు, మరుసటి సీజన్‌కు తీసేశారు. తెచ్చినప్పుడు ఎందుకు తెచ్చారని తిట్టిండు. తీసేసినప్పుడు, ఇప్పుడిప్పుడే అలవాటైందని తిట్టిండు. ఒక్క మార్పుకు రెండు పంటలు.

ఇక ఆఖరి అస్త్రం, యాప్ తీసేయడం. ఒంటరిగా తీసేయకు, నలుగురి ముందట తీసేయి. స్టేటస్ పెట్టు. "మళ్లీ ముట్టను" అని అమ్మ మీద ఒట్టు మాత్రం వేయకు, ఎందుకంటే ఏడింటికి టాస్. ఆరూ యాభైకి మళ్లీ డౌన్‌లోడ్ చేసుకో. సిగ్నల్ అందక ఫోన్ పైకెత్తుకుని కల్లం దిక్కు పోతే, కింద ఆరబోసిన పసుపు కొమ్ములు తొక్కకు. బాపు చూస్తుండు.