ఒకటిన్నర రోజుకో ఉగాది

మా రోజుల్లో గ్రహాలకో పద్ధతుండేది. గుళ్లో తొమ్మిది, పుస్తకంలో తొమ్మిది. పేర్లు కలవకపోయినా లెక్క కుదిరేది. రాతి గ్రహాలు పొయ్యి పక్కన, గురుడు, శని లాంటి భారీకాయులు దూరంగా అరుగు మీద. ఎన్నేళ్లు బోర్డు మీద అదే బొమ్మ గీశానో! 1995లో మేయర్, కెలోజ్ అనే ఇద్దరు, 51 పెగాసి అనే నక్షత్రాన్ని గురుడి జాతి గ్రహమొకటి నాలుగు రోజులకోసారి చుట్టేస్తోందని తేల్చి నా నోట్సు చెడగొట్టారు.

పోనీ, ఆ నక్షత్రమైనా మన సూర్యుడిలా నెమ్మదస్తురాలు. అసలు ఘోరం 2017లో బయటపడింది. కెల్ట్-9 అనే నక్షత్రం చుట్టూ ఓ గ్రహం! ఆ నక్షత్రం వేడి పదివేల డిగ్రీలకు అటూఇటూ. సూర్యుడి నడుం దగ్గర వేగం సెకనుకు రెండు కిలోమీటర్లయితే, దీనిది నూటపదికి పైనే. ఇలాంటివాటి జోలికి గ్రహాల వేటగాళ్లు పోయేవారు కాదు. వాళ్లను తప్పుపట్టను. గ్రహం లాగితే నక్షత్రం ఊగుతుంది, ఆ ఊపును వర్ణపటంలోని గీతలు చెబుతాయి. గిర్రున తిరిగే నక్షత్రంలో ఆ గీతలు తడి కాగితం మీద సిరాలా అలుక్కుపోతాయి. అసలే వేడి నక్షత్రాల్లో గీతలు తక్కువ.

ఈ కాలపువాళ్లు ఆ మరకలోనే వెతికారు. గ్రహం అడ్డొచ్చినప్పుడు అలికిన గీత మీద చిన్న నీడ ఈ అంచు నుంచి ఆ అంచుకు పాకుతుంది. దాన్ని పట్టుకున్నారు. ఒప్పుకోక తప్పదు, మాకు తట్టలేదు.

ఒళ్లు మండేది ఇంకొకటుంది. మా కాలంలో దుర్భిణి అంటే రంగాపూర్‌లో ఉస్మానియావాళ్ల 48 అంగుళాల అద్దం. ఈ గ్రహం జాడ మొదట పసిగట్టింది నిమ్మకాయంత, 42 మిల్లీమీటర్ల కెమెరా లెన్సు! బజార్లో దొరికే సరుకు.

ఇంతకీ ఆ గ్రహం బరువు గురుడికి దాదాపు మూడింతలు. పగటి వైపు నాలుగువేల డిగ్రీలు దాటి, ఇనుము ఆవిరై గాలిలో కలిసి ఉంటుంది. పోనీ బుద్ధిగా తిరుగుతుందా? నక్షత్రం తిరిగే తీరుకు అడ్డంగా, ధ్రువాల మీదుగా! ఏడాదంటే ఒకటిన్నర రోజు. అక్కడ పుట్టిన బిడ్డకు మూడు నెలలు నిండకముందే షష్టిపూర్తి. అన్నప్రాశన ఆ తర్వాతే.