ముందు ప్రశ్న, తర్వాతే నేను

నాకు ఈ బళ్లో నాలుగు పేర్లు. స్టాకు రిజిస్టర్లో 'ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానల్'. టీచర్ల నోట 'ఐఎఫ్‌పీ'. హెడ్మాస్టారు తాళాలు ఇస్తూ చెప్పేటప్పుడు 'ఆ ఖరీదైనది, జాగ్రత్త'. తొమ్మిదో తరగతి పిల్లలకి మాత్రం 'పెద్ద ఫోను'. నాకు నచ్చింది ఆఖరి పేరే. ఫోను కనబడితే పిల్లలు దూరంగా నిలబడి దణ్ణం పెట్టరు, చేత్తో అందుకుంటారు.

మాది విశాఖపట్నంలో గాజువాక దాటాక వచ్చే ఒక సర్కారు హైస్కూలు. ఒక పక్క ఉక్కు ఫ్యాక్టరీ, ఇంకో పక్క ఓడరేవులు. నా ఎదుట బెంచీల మీద కూర్చునే పిల్లల నాన్నల్లో కొందరు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి, కొందరు హార్బర్లో లోడింగుకి, కొందరు సముద్రం మీద వేటకి పోతారు. పిల్లల్లో తెలుగు మాట్లాడేవాళ్లున్నారు, ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్లున్నారు. పాఠ్యపుస్తకం ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోడానికి ఏమీ లేదు. యంత్రాల మధ్య పుట్టాను, అట్టపెట్టెలో వచ్చాను. మూల నుంచి మూలకి 65 అంగుళాలు. రాష్ట్ర ప్రభుత్వం 2019 నవంబరు 14న 'మన బడి నాడు-నేడు' మొదలుపెట్టి తొలి విడతలో 15,715 బడులు బాగు చేయించింది. గదులకి రంగులు పడ్డాక వాటిలోకి మమ్మల్ని తెచ్చారు. 2023 చివరికల్లా నాలాంటివాళ్లం 30 వేలకు పైగా గదుల్లో గోడెక్కాం. చిన్న బడులకి స్మార్ట్ టీవీలు వెళ్లాయి. అంతకు ఏడాది ముందు, 2022 డిసెంబరులో, ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులు కూడా వచ్చాయి. తర్వాత ప్రభుత్వం మారింది. నా గోడ మారలేదు. నా పక్కనే ఆకుపచ్చ చాక్ బోర్డు ఉంది. కరెంటు పోయిన ప్రతిసారీ బడి పరువు కాపాడేది అదే కాబట్టి, దాన్ని పాతదని నేనెప్పుడూ చిన్నచూపు చూడలేదు.

మా వంశం మీరనుకున్నంత కొత్తది కాదు. వీధిబడుల్లో పిల్లలు ఇసుక పరిచి వేలితో అక్షరాలు దిద్దేవారు. 18వ శతాబ్దం చివర మద్రాసులో అనాథ బాలుర బడి నడిపిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాధికారి ఈ ఇసుక రాత చూసి ముచ్చటపడ్డాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకి చెప్పే పద్ధతితో కలిపి దాన్ని 'మద్రాసు విధానం' పేరుతో ఇంగ్లండుకి పట్టుకెళ్లాడు. ఆపైన పలక, బలపం, నల్లబల్ల. 1975 ఆగస్టు 1న ఆకాశం నుంచి పాఠం దిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ఆసరాతో 'సైట్' అనే ప్రయోగం ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ఏడాదిపాటు టీవీ కార్యక్రమాలు పంపింది. పొద్దున్నపూట బడిపిల్లలకి పాఠాలు. తెలుగులోనూ వచ్చాయి. కానీ ఆ టీవీ చెప్పేదే తప్ప వినేది కాదు. పిల్లాడికి అనుమానం వస్తే మనసులో దాచుకోవాల్సిందే. ముట్టుకుంటే జవాబిచ్చే బోర్డు 1991లో కెనడాలో బజారుకొచ్చింది. నేను దాని మనవణ్ణి. పైకి రంగులున్నా, పని మాత్రం ఆ ఇసుకదే: వేలితో రాయి, చెరిపెయ్యి, మళ్లీ రాయి.

నాకు స్పర్శ ఎలా తెలుస్తుందో చాలామందికి తెలియదు. నా గాజు పలకకి ఆ జ్ఞానం లేదు. చుట్టూ ఉన్న అంచులో ఒక వైపు చిన్న చిన్న దీపాలు, ఎదుటి వైపు వాటిని చూసే కళ్లు ఉన్నాయి. ఆ వెలుగు పరారుణ కాంతి, మనిషి కంటికి కనబడదు. అడ్డంగా, నిలువుగా అల్లుకున్న ఆ వెలుగు గీతల్లో ఎక్కడ వేలు అడ్డొస్తే అక్కడ ముట్టుకున్నారని లెక్క కడతాను. అందుకే పెన్ను అయినా, వేలైనా, చాక్‌పీసు ముక్కైనా నాకు ఒకటే.

ఆ కారణంగానే ఒకసారి నా మీద దెయ్యం అపవాదు పడింది. ఈ ఊరి గాలిలో ఉప్పుంటుంది, నల్లటి పొడి కూడా ఉంటుంది. పొద్దున్న తుడిచిన బెంచీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఆ పొడి నా కింది అంచులో పేరుకుంది. దానికి తోడు ఒక సాలెపురుగు అక్కడే కాపురం పెట్టింది. ఫిజికల్ సైన్స్ మాస్టారు పాఠం చెబుతుండగా నా మీద ఎర్రగీత ఒకటి దానంతటదే వంకరటింకరగా పాకింది.

"ఓలమ్మో, సార్, ఎవరూ ముట్టుకోకుండానే గీసేస్తంది!" అని మొదటి బెంచీ లేచి నిలబడింది.

మాస్టారు నన్ను ఆపేసి మెకానిక్‌కి ఫోను చెయ్యొచ్చు. చెయ్యలేదు. "ఎవరూ ముట్టుకోలేదా? మరి నువ్వు ముట్టుకుంటే దీనికెలా తెలుస్తుంది? ముందు అది చెప్పు" అన్నాడు. ఒకడు "వేడికి సార్" అన్నాడు. ఇంకొకడు "కరెంటుకి" అన్నాడు. మూడోవాడు "గట్టిగా నొక్కితే" అన్నాడు. మాస్టారు మూడింటినీ చాక్ బోర్డు మీద రాశాడు. చల్లటి స్టీలు గ్లాసు తెప్పించి నాకు ఆనించాడు: గీత పడింది. వేడి కాదు. ఎండుపుల్ల ఆనించాడు: పడింది. కరెంటూ కాదు. కాగితం ముక్క తగిలీ తగలకుండా పెట్టించాడు: అప్పుడూ పడింది. నొక్కడమూ కాదు. తర్వాత జేబులోంచి ఫోను తీసి కెమెరా తెరిచాడు. నా రిమోట్ కొసని దానికి ఎదురుగా పెట్టి బటన్ నొక్కమన్నాడు. కంటికి ఏమీ కనబడని చోట ఫోను తెర మీద ఊదారంగు చుక్క మిణుకుమంది. గదిలో ఒక్కసారిగా "ఆఁ" అన్నారు. కనబడని వెలుగొకటి ఉందని పుస్తకంలో చదివినవాళ్లే, ఆ రోజు చూశారు. చివరికి ఒక పిల్ల వచ్చి నా అంచు వెంట గుడ్డతో తుడిచింది. సాలెపురుగు పోయింది, దెయ్యమూ పోయింది. పరారుణ కాంతి ఆ గదిలో ఇక ఎవరికీ మళ్లీ చెప్పక్కర్లేకపోయింది.

నేను ఎందుకు పుట్టానో నాకు అర్థమైన ఇంకో పాఠం లెక్కల మేడం చెప్పింది. వృత్తం గీసింది, ఒక జ్యా గీసింది, దాని పైన వృత్తం మీద 'పి' అనే బిందువు పెట్టి రెండు చివరలకి కలిపింది. అక్కడ కోణం 52 డిగ్రీలు. జియోజీబ్రా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. ఆస్ట్రియాలో ఒక విద్యార్థి 2001లో మొదలుపెట్టింది. "నేను పి ని వృత్తం మీద పక్కకి జరుపుతాను. కోణం పెరుగుద్దా, తగ్గుద్దా, అలాగే ఉంటుందా? నోరు మెదపకండి. నోటుబుక్కులో రాయండి" అంది. అందరూ రాసేదాకా నా దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. సగానికి పైగా 'పెరుగుతుంది' అని రాశారు. చివర బెంచీ కుర్రాడొకణ్ణి పిలిచింది. వాడు వేలు పెట్టి జరిపాడు. 52. ఇంకా జరిపాడు. 52. అటు జరిపాడు, ఇటు జరిపాడు, 52 కదల్లేదు. పెరుగుతుందని రాసినవాళ్లు తమ నోటుబుక్కు ఒకసారి, నన్ను ఒకసారి చూసుకున్నారు.

అక్కడితో ఆపమంటే వాడు ఆపలేదు. పి ని లాక్కుంటూ జ్యా చివర దాటించి కింది చాపం మీదకి తెచ్చేశాడు. 128! "మేడం, పాడైపోయింది!" అన్నాడు కంగారుగా. మేడం నవ్వి, "రెండూ కూడి చూడు" అంది. 180. చక్రీయ చతుర్భుజం పాఠం పై వారం చెప్పాల్సింది. వాడి వేలు దాన్ని ఆ రోజే లాక్కొచ్చింది.

సోషల్ పిరియడ్‌లో ఉపగ్రహ పటం తెరిస్తే పిల్లలు మొదట వెతికేది తమ ఇల్లే. ఆ గోల కాసేపు సాగనివ్వాలి. తర్వాత డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని చాటున 1933లో ఓడలు రావడం మొదలైన లోపలి రేవు, పడమరగా ఉక్కునగరం వాళ్లకే కనబడతాయి. అప్పుడు సోషల్ మేడం అడిగింది: "ఇక్కడ ఇనుప గనులు లేవు, బొగ్గు గనులు లేవు. మరి ఉక్కు ఎలా వస్తోంది?" ఒక పిల్ల వేలు ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల దగ్గర మొదలైంది. కిరండూల్ నుంచి జగదల్‌పూర్, కోరాపుట్, అరకు మీదుగా కొత్తవలస దాకా రైలుదారి వెంట నడిచింది. 1960లలో జపానుకి ఖనిజం పంపడం కోసం తూర్పు కనుమలు తొలిచి వేసిన దారి అది, ఎన్నో సొరంగాలు. ఇంకొకడు సముద్రం మీద ఆస్ట్రేలియా నుంచి గీత గీసుకొచ్చాడు. అది కోకింగ్ బొగ్గు. దేశంలో తీరం ఒడ్డున కట్టిన మొదటి సమగ్ర ఉక్కు కర్మాగారం ఇక్కడే ఎందుకుందో ఆ రెండు గీతలు కలిసిన చోట తేలిపోయింది.

అదే ఫ్యాక్టరీ కొలిమి సైన్సులోకీ వచ్చింది. అక్కడి మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. "ఖనిజాన్ని బాగా కాల్చి కరిగిస్తే ఇనుము వచ్చేస్తుందా?" అని మాస్టారు అడిగితే దాదాపు అందరూ 'అవును' అని రాశారు. కాదు. ఖనిజంలో ఇనుముని పట్టుకున్న ఆక్సిజన్‌ని ఎవరో లాగెయ్యాలి. కోక్ కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ చేసే పని అదే. సున్నపురాయి మలినాలతో కలిసి స్లాగ్ అవుతుంది. ఒక పిల్ల నా మీద బొమ్మలో కింద స్లాగ్, పైన ఇనుము పెట్టింది. వెనక నుంచి ఒక కుర్రాడు, "కాదండి, స్లాగ్ పైన తేలుద్ది. మా నాన్న చేసేది అక్కడే. దాన్ని సిమెంటు ఫ్యాక్టరీకి పంపుతారు" అన్నాడు. ఆ కుర్రాడు అంతకు ముందు క్లాసులో నోరు విప్పినవాడు కాదు. ఆ రోజు మాస్టారు వాడి చేతికే పెన్నిచ్చి మిగతాది చెప్పమన్నాడు.

అన్ని రోజులూ ఇలా గడవవు. టీచరుకి యాప్‌లో హాజరు వెయ్యాలి, ఫొటోలు పెట్టాలి, ఖాళీ పిరియడ్‌కి ఇంకో క్లాసు చూసుకోవాలి. అలాంటప్పుడు ఒక వీడియో పెట్టి వెళ్లిపోతారు. నేను వాగుతూ ఉంటాను. పది నిమిషాలకి వెనక బెంచీలో చుక్కలాట మొదలవుతుంది. ఆ వేళ నేను వట్టి పెద్ద టీవీని, 1975 నాటి దానికి రంగులద్దినట్టు. ఇంకొన్ని బళ్లలో నా చుట్టాలు పాడవుతారన్న భయంతో గుడ్డ కప్పుకుని కూర్చున్నారు. పగలగొడతారని పిల్లల్ని దరిచేరనివ్వరు. ముట్టుకోవడానికి పుట్టిన వస్తువుకి ఇంతకంటే శిక్ష లేదు.

పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి నా మీద గీయించినంత మాత్రాన పాఠం వచ్చేస్తుందనీ అనుకోవద్దు. ఇంగ్లండులో 2000 తర్వాత బడుల్లో మావాళ్లని పెద్ద ఎత్తున పెట్టారు. లండన్ హైస్కూళ్లని పరిశీలించిన నివేదిక 2007లో వచ్చింది. మేం వచ్చిన తొలి ఏడాదిలో పిల్లల మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని అది తేల్చింది. ఒకడు గీస్తుంటే నలభై మంది చూస్తూ కూర్చుంటే నష్టం నలభై మందికి. యునెస్కో 2023 నివేదిక కూడా ఈ పరికరాలు ఎవరి షరతుల మీద నడుస్తున్నాయని అడిగింది. నేను కోప్పడను. నా అనుభవమూ అదే. వృత్తం పాఠం నిలిచింది నా రంగుల వల్ల కాదు. వేలు పెట్టేలోగా అందరి చేతా జవాబు రాయించిన మేడం వల్ల. దెయ్యం పాఠంలో నేను చెడిపోయి ఉన్నాను, అయినా పాఠం బాగుపడింది.

కాబట్టి టీచర్లకి నా మనవి చిన్నది. నన్ను ఆన్ చేసే ముందు ఒక ప్రశ్న సిద్ధం చేసుకోండి. అందరి చేతా జవాబు రాయించండి. ఆ తర్వాత చివర బెంచీ నుంచి ఒకర్ని పిలవండి. తప్పు చేస్తే అక్కడే ఆగి ఎందుకని అడగండి. నా అంచులు వారానికోసారి పొడి గుడ్డతో తుడిపించండి, ఆ పనీ పిల్లలకే ఇవ్వండి. హెడ్మాస్టార్లు నా మీది గుడ్డ తీయించండి. తల్లిదండ్రులు సమావేశానికి వచ్చినప్పుడు బళ్లో ప్యానల్ ఉందా అని అడిగి ఊరుకోవద్దు. ఈ నెలలో మా పిల్ల దాని మీద ఏం చేసిందో చూపించమని అడగండి.