చౌరస్తా ఫొటోగ్రాఫర్

చౌరస్తా ఫొటోగ్రాఫర్ అంటే గోదావరిఖనిలో కొత్తగా కెమెరా కొని, ముక్కూమొహం తెలియని మనుషుల ఫొటోలు తీయడం నేర్చుకుంటున్న పాతికేళ్ల యువకుడు. బాపు సింగరేణి బొగ్గు గనుల్లో చేస్తాడు. కెమెరా ఈఎంఐ పోయేది ఆయన జీతంలోంచే. కొడుకు మాత్రం తనను కార్టియే బ్రెసాన్ శిష్యుణ్ణని చెప్పుకుంటాడు. 1952లో ఆ ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ పుస్తకంతో ప్రచారమైన ‘నిర్ణాయక క్షణం’ కోసం చాయ్ మీద చాయ్ తాగుతూ చౌరస్తాలో నిలబడతాడు. క్షణం రానే వస్తుంది. అప్పటికి లెన్సు మూత తీసి ఉండదు.

తొలి దశలో తీసేవన్నీ వీపులే. ఎదురొచ్చే మనిషి మీదికి కెమెరా ఎత్తడానికి చెయ్యి రాదు. మనిషి దాటిపోయాక ధైర్యం వస్తుంది. నెల తిరిగేసరికి మెమరీ కార్డు నిండా వీపులు, టిఫిన్ డబ్బాలు, అభ్యంతరం చెప్పని ఎద్దులు. తర్వాత పెద్ద జూమ్ లెన్సు అరువు తెచ్చి కిరాణా కొట్టు చాటుకు చేరతాడు. దాక్కున్నవాణ్ణే బజారంతా చూస్తుందన్న పాఠం ఇతనికి కొట్టు యజమాని చెబుతాడు, కాస్త గట్టిగానే.

సింగరేణిలో మొదటి షిఫ్టు పొద్దున 7కు, రెండోది మధ్యాహ్నం 3కు, రాత్రి షిఫ్టు 11కు. మూడింటికి షిఫ్టు వదిలితే బొగ్గు పూసిన ముఖాలు దొరుకుతాయని ఇతని ఆశ. వాళ్లేమో ముఖం కడుక్కుని, తల దువ్వుకుని బైకుల మీద వస్తారు. బొగ్గుబాయి దగ్గరికే పోదామంటే అనుమతి లేనిదే గేటు దాటనియ్యరు. గ్యాసు అంటుకునే ప్రమాదం ఉందని బాయిలోకి సెల్‌ఫోన్ కూడా తీసుకుపోనియ్యరు. పోనీ, బొగ్గు లారీ ఎదురైతే ఇంకో చిక్కు. ఎదుటిదంతా నడిమి బూడిదరంగే అనుకుని కెమెరా మీటరు లెక్క కడుతుంది కాబట్టి నల్లబంగారం బూడిదలా తేలుతుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాపు తగ్గిస్తే చాలు. ఇతను తగ్గించడు, ఆ ఫొటోకు ‘పొగమంచు’ అని పేరు పెడతాడు, మే నెలలో.

ఫోకస్ పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 35 మి.మీ. లెన్సు బిగించి, ఎఫ్/8 పెట్టి, 3 మీటర్లకు ఫోకస్ చేస్తే సుమారు 2 నుంచి 7 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. కష్టమంతా ఆ మూడు మీటర్ల దగ్గరికి పోవడంలోనే. పోగానే ఎదుటి మనిషి అడుగుతాడు.

“ఎవల కొడుకువు బిడ్డా? మీ బాపు ఏ బాయి?”

చెప్పక తప్పదు. చెప్పగానే బాపూ, ఆ మనిషీ ఒకే షిఫ్టులో చేశారనో, పక్కపక్క క్వార్టర్లలో ఉన్నారనో తేలుతుంది. అపరిచితుల ఫొటోలకు ఖని అంత అనువైన ఊరు కాదు. అప్పటిదాకా హాయిగా నడుస్తున్న మనిషి ఆగి, పై గుండీ పెట్టుకుని, చేతులు ఒంటికి ఆనించి ఆధార్ కార్డు ముఖం పెడతాడు.

“నన్ను సూడకు కాక, నీ పని నువ్వు చేస్కో.”

“డ్యూటీ దిగిన్నాయె. ఇంకేం పని?”

వరంగల్‌కు చెందిన ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ తెలంగాణ జనజీవితాన్ని దశాబ్దాల పాటు కెమెరాతో పట్టారు. ఆ బొమ్మల్లో మనుషులు ఇంటివాళ్లతో ఉన్నంత చనువుగా కనిపిస్తారు. అవి చూసిన చౌరస్తా ఫొటోగ్రాఫర్ అడిగేది, ఏ లెన్సు వాడారని.

ఆధార్ కార్డు ముఖం పెట్టిన కాక పోతూపోతూ వాట్సాప్ నంబరిస్తాడు, రిటైర్మెంట్ ఫంక్షన్‌కు రమ్మంటాడు. సింగరేణిలో విరమణ వయసు 61, విరమణలు నెలాఖరున. దండలేసుకున్న దంపతులు, శాలువాలు, ఫ్లెక్సీ ముందు బంధుబలగం. ఇతని మొదటి సంపాదన అదే. ఆ సాయంత్రం తీసిన 400 ఫొటోల్లో ఒక్క వీపూ ఉండదు.