కుడ్య మాహాత్మ్యము

ఈ దేశమున ఏ కారాగారమునుండియైనను ఒక్క ఖైదీ తప్పించుకొని పోయెనా, మరునాటి యుదయమున అచట జరుగవలసిన కర్మకాండ యంతయు ఆగమోక్తముగ జరిగి తీరును. ముందుగ ఒక పెద్ద యధికారి కారు దిగి, చేతులు వెనుకకు కట్టుకొని, ప్రహరీగోడను పునాదినుండి కొసవరకు ఒకమారు నిదానముగ పరికించును. పిమ్మట ఆ రాత్రి కాపలా కాచినవారిలో అందరికంటె తక్కువ జీతగాని నొకనిని వెదకి, వాని చేత సస్పెన్షను కాగితము పెట్టుదురు. అటుపిమ్మట విచారణ సంఘ మొకటి వెలయును. ఆ సంఘము నెలల తరబడి కూర్చుండి, సాక్షుల నడిగి, పటములు గీయించి, తుదకు గోడను ఇంకను రెండడుగులు పెంచవలయుననియు, దానిపై ముళ్ళతీగ చుట్టవలయుననియు, మూలమూలను దీపములు నిలుపవలయుననియు తేల్చును. గోడ పెరుగును, బిల్లు మంజూరగును, ప్రజలు నిశ్చింతులగుదురు. మరల ఎవడో యొకడు పోవువరకు ఈ నిశ్చింతకు భంగము లేదు.

రాజమహేంద్రవరమునుండి గోకవరము మీదుగ మన్యమునకు పోవు త్రోవలో నున్న మా కోరుకొండలో ఈ కుడ్యభక్తి మఱింత గాఢము. కొండమీద లక్ష్మీనరసింహస్వామి వెలసియున్నాడు గనుక మాకు దైవభక్తికి లోటులేదు. గంట ప్రయాణములోపల కేంద్ర కారాగార మున్నది గనుక గోడభక్తికిని లోటులేదు. ఫాల్గుణమాసమున తీర్థమునకు వచ్చిన చుట్టములకు మావారు కొండమెట్లు చూపి స్వామి మహిమ చెప్పినంత శ్రద్ధతోనే రాజమండ్రి జైలుగోడ మహిమయు చెప్పుదురు: అది డచ్చివారి కోటయట, 1864లో ఇంగ్లీషువారు దానిని చెరసాలగా మార్చిరట, 1870లో కేంద్ర కారాగారము చేసిరట, లోనికి పోయిన చీమయైనను అనుమతి లేనిదే వెలికి రాదట. సంవత్సరములు చరిత్రకు సంబంధించినవి. చీమ మాత్రము భక్తికి సంబంధించినది.

ఇటీవల మా వీధిపెద్ద యొకరు అరుగుమీద కూర్చుండి ఈ మాటయే యెత్తి, "ఆయ్, అంత గోడండీ! ఎలా దూకుతారండీ?" అనిరి. "దూకరండీ, నడిచి పోతారు" అంటిని. ఆయన నన్ను అనుమానముగ చూచిరి. నిజము చెప్పిన ప్రతివానిని ఆ చూపే చూతురు గనుక నాకు కష్టము తోపలేదు. కాని ఆ జవాబును సవిస్తరముగ నిరూపించుట నా విధియని తోచినది.

తెలుగునేలమీద జరిగిన ప్రసిద్ధ పరారీలను వరుసగ నిలిపి చూచినచో, వానిలో గోడకు గల పాత్ర నాటకములో వెనుకతెర కున్నంతయే. 1857 జూలై 17వ తేదీన హైదరాబాదులో బ్రిటిషు రెసిడెన్సీమీదికి జనమును నడిపించిన తుర్రేబాజ్ ఖాను పట్టువడి, ద్వీపాంతరవాస శిక్షపొంది, అండమానునకు పంపబడుటకు ముందే, 1859 జనవరిలో చెరనుండి మాయమయ్యెను. కావలివారి చేయి లేనిదే అంతటి ఖైదీ పోజాలడని నాడే లోకము తలచినది. దొరతనమువారు అప్పుడేమి చేసిరి? అతని తలకు ఐదువేల రూపాయల వెల కట్టిరి. వారము తిరుగక మునుపే తూప్రాను ప్రాంతమున అతనిని చంపి, దేహమును నగరమునకు తెచ్చి వ్రేలాడదీసిరి. తలుపు తెరచిన చేతికి ఏ వెలయు కట్టినట్లు వినము. ఖైదీ తలకున్న ధర తాళపుచెవికి ఎన్నడును లేదు.

ఆ నగరముననే తొంబదియేండ్ల తరువాత జరిగిన ముచ్చట ఇంతకంటె రమ్యమైనది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య ముగియగనే, నిజాము ప్రభుత్వమున ప్రధానిగ నుండిన మీర్ లాయక్ అలీని బేగంపేటలో ఆయన యింటనే నిర్బంధించి, చుట్టును కాపలా పెట్టిరి. ఆ యింటి స్త్రీలు తెరలు దించిన కారులో వచ్చుచు పోవుచుందురు. తెర తొలగించి చూచుట మర్యాద కాదు గనుక కాపలావారు చూడరు. చూడకపోవుట నాలుగునాళ్ళు జరిగినచో అలవాటగును. అలవాటు ఏడాది జరిగినచో నిబంధనయే యగును. 1950 మార్చిలో ఒకనాడు ఆ తెరల చాటుననే ఆ పెద్దమనిషి సాగిపోయి, బొంబాయి మీదుగ కరాచీ చేరెను. ఇంటిలో ఆయన జబ్బుపడి యున్నాడనియే మాట; కాపలావారు బయట నిలిచి, లేని రోగిని ఏమరుపాటు లేక కాచిరి. ఆయన కరాచీలో ప్రత్యక్షమైన పిదపగాని ఇచటివారికి తెలియలేదు. పార్లమెంటులో ప్రశ్నలు పుట్టినవి, పత్రికలలో వ్యాసములు పుట్టినవి. ఆ యింటి ప్రహరీ ఎన్ని యడుగులున్నచో ఆ కారు ఆగియుండెడిదో మాత్రము ఏ వ్యాసకర్తయు లెక్కగట్టలేదు.

ఇక 1984 జనవరి. నక్సలైటు నాయకుడు కొండపల్లి సీతారామయ్య హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో ఖైదీగ చికిత్స పొందుచుండగ, అనుచరులు వచ్చి తోడుకొని పోయిరి. జైలునకు ఎంతటి గోడ కట్టినను, ఆ జైలునకు వైద్యుని చీటీ యను ద్వారమొకటి ఎల్లప్పుడు నుండును. రోగము వచ్చిన ఖైదీ గోడనెక్కడు, అంబులెన్సెక్కును. పలుకుబడి గల ముద్దాయికి అరెస్టయిన మరుక్షణమే గుండెనొప్పి వచ్చుట మన దేశమున వైద్యశాస్త్రమునకు అంతుపట్టని సత్యములలో నొకటి గనుక, ఆ ద్వారమును మూయించుటకు ఏ ప్రభువునకును చేతులాడవు.

"ఇది మనవారి అలసత్వము, పరదేశములలో నిట్లు జరుగదు" అని కొందరు నిట్టూర్తురు. పరదేశములవారును ఈ విషయమున మనకు తీసిపోలేదు. 1756లో వెనిసు నగర రాజసౌధపు చెరనుండి కాసనోవా పైకప్పు చీల్చుకొని వెలువడెనని గ్రంథములు ఘోషించును. కాని ఆ సాహసమంతయు అతనిని మరల ఆ సౌధములోనికే దింపినది. కడపట అతనిని బయటికి పంపినవాడు, ఎవరో పెద్దమనుషులు రాత్రి లోపల చిక్కుపడిరని జాలిపడి తలుపు తీసిన కావలివాడు. 1934లో అమెరికాలో ఇండియానా రాష్ట్రమందలి క్రౌన్ పాయింటు జైలును, తప్పించుకొనుట అసాధ్యమైన జైలని అధికారులు చాటిరి. డిల్లింజరు అను దొంగ కొయ్యతో చేసిన ఉత్తుత్తి పిస్తోలు చూపి బెదరించి, జైలు అధికారిణి కారులోనే ఎక్కి పోయెనని ప్రసిద్ధి. 1962 జూన్ 11వ తేదీ రాత్రి, సముద్రమధ్యమందలి ఆల్కట్రాజు జైలులో ముగ్గురు ఖైదీలు సబ్బు, కాగితపుగుజ్జు కలిపి తలలు చేసి, వానికి నిజమైన వెండ్రుకలు అతికించి, పడకలమీద పెట్టి పోయిరి. కాపలావారు రాత్రియంతయు విధిగ తలలు లెక్కించిరి. లెక్క సరిపోయెను. ఆ ముగ్గురు మునిగిరో బ్రతికిరో నేటికిని తేలలేదుగాని, ఆ రాత్రి రిజిస్టరులో పొరపాటు లేదని నిస్సంశయముగ చెప్పవచ్చును. తల యున్నదా యని చూచుటయేగాని, తలలో ఏమున్నదని చూచు నియమము ఏ జైలుమాన్యువలునందును లేదు గదా.

గోడనెక్కినవారే లేరని నేననను. 1942 నవంబరు 9వ తేదీన, దీపావళినాటి రాత్రి, హజారీబాగు జైలునుండి జయప్రకాశ నారాయణు ఐదుగురు సహచరులతో ధోవతులు ముడివేసి గోడ దాటెను. కుడ్యవాదులకు ఇదొక్కటి దొరకినదని నాకు తెలియును. కాని ఆ రాత్రి గోడ ఎప్పటి యెత్తే యుండెను. తగ్గినది కాపలావారి మెలకువ. లోపల ఖైదీలు పండుగ సంబరము చేయుచుండగ, ఆరుగురు లేరను సంగతి బయటపడుటకు చాల గంటలు పట్టినది. పండుగలకును పరారీలకును గల ఈ బాంధవ్యమునకు వేరు నిదర్శనములును గలవు. 1666లో శివాజీ ఆగ్రానుండి మిఠాయిబుట్టల చాటున పోయెనని ప్రతీతి. 1986 మార్చిలో చార్లెస్ శోభరాజు తిహారు జైలులో పుట్టినరోజని చెప్పి, మత్తుమందు కలిపిన తినుబండారములు పంచి, కావలివారు నిద్రలో నుండగ గేటుగుండ నడచిపోయెను. చరిత్ర ఇంత స్పష్టముగ ఘోషించుచుండ, ఏ విచారణ సంఘమైనను గోడనుగూర్చి వ్రాసినదిగాని మిఠాయినిగూర్చి ఒక్క వాక్యమైనను వ్రాసెనా? వ్రాసియుండినచో మా గోదావరి జిల్లాల గతి ఏమి కావలయును! తాపేశ్వరము మడతకాజా మారణాయుధముల పట్టీలో చేరెడిది; ఆత్రేయపురము పూతరేకును పొర పొరయు విప్పి తనిఖీచేయుటకు ప్రత్యేకముగ ఒక ఇన్స్పెక్టరును నియమింపవలసి వచ్చెడిది.

మా ఊరికి ఉత్తరముననున్న మన్యము ఈ శాస్త్రమునకు మఱియొక యధ్యాయము చేర్చినది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలను మూడు దినములలో వరుసగ పట్టెను. రాజవొమ్మంగిలో నిర్బంధముననుండిన మొట్టడం వీరయ్యదొరను విడిపించి తనవెంట గొనిపోయెను. ఇచట ఖైదీ బయటికి పోలేదు. బయటివాడే లోనికి వచ్చెను. పైగా తాను గైకొనిన తుపాకులకును తూటాలకును లెక్క వ్రాసి, ఠాణా రికార్డులో సంతకము చేసిపోయెను. ఆనాటి రికార్డులన్నిటిలోను అనుమానింపదగని పుట అదియొక్కటియే యనినచో అతిశయోక్తి కాదు. అటుపిమ్మట అడ్డతీగల ఠాణాకు ముందుగ కబురు పంపి మఱి వచ్చెను. వచ్చెదనని చెప్పి వచ్చువానిని గోడ యేమి చేయును?

ఆ కాలముననే గోడలకు ఇంతకంటె పెద్ద అవమానము వాటిల్లినది. సహాయనిరాకరణ దినములలో జనులు లోనికి పోవుటకే బారులు తీరిరి. గరిమెళ్ళ సత్యనారాయణ పాట పాడి రాజమండ్రి జైలునకు పోయి, విడుదలయై వచ్చి, మరల ఆ పాటయే పాడి మరల పోయెను. బయటికి పోగోరని ఖైదీ యెదుట అంత పెద్ద గోడయు పనిలేక నిలిచి ఎండకు ఎండి వానకు తడిసినది. గోడ బలము గోడయందు లేదు, లోపలివాని కోరికయందును బయటివాని కక్కుర్తియందును ఉన్నదని అప్పుడే తేలిపోయినది.

మఱి ఇంత తేలినను ఈ కుడ్యారాధన ఏల మానరు? కారణము సూక్ష్మము కాదు. గోడ మాటలాడదు. విచారణలో దానిని ప్రశ్నించినచో పై యధికారి పేరు చెప్పదు. దానికి యూనియను లేదు, పింఛను లేదు, తెలిసిన శాసనసభ్యుడు లేడు. అన్నిటికంటె ముఖ్యముగ, గోడకు టెండరు గలదు; మెలకువకు టెండరు లేదు. రాత్రియంతయు నిలువుకాళ్ళమీద నుండు కావలివానికి సహాయముగ మఱియొకని నియమింపుమనినచో ఖజానాలో కాసు లేదందురు. ఆ కావలివాని తలపై నుండు గోడకు రెండడుగుల ఇటుక కావలయుననినచో, కాసులు ఎచటనుండి వచ్చునో వచ్చును. తాళపుచెవి ఎవని మొలనున్నది, వాని జీతమెంత, వాని పని ఎన్ని గంటలు, వానికి ఫోను చేయువారెవరు అను నాలుగు ప్రశ్నలు ఏ సంఘమైనను అడిగినచో, సమాధానములు గోడకంటె ఎత్తునకు ప్రాకును. అందుచేత నెవరును అడుగరు.

ఐనను గోడను బొత్తిగ నిందించుట న్యాయము కాదు. అది అత్యద్భుతముగ పనిచేయు సందర్భము ఒకటి గలదు. 2022 నాటి ప్రభుత్వపు లెక్కలనుబట్టి మన దేశపు జైళ్ళలోని ప్రతి నూరుమందిలో డెబ్బదియైదుగురికి పైగ శిక్షపడినవారు కారు, విచారణకై వేచియున్నవారు. 1979లో హుస్సేనారా ఖాతూను కేసులో, బీహారు జైళ్ళలో కొందరు తమ నేరము రుజువైనచో పడదగిన గరిష్ఠ శిక్షకంటె ఎక్కువ కాలమే విచారణ లేక పడియున్నట్లు సుప్రీంకోర్టునకు తెలియవచ్చినది. 2005లో శాసనము సవరించి, గరిష్ఠ శిక్షలో సగముకాలము లోపల గడపిన విచారణఖైదీని, మరణశిక్ష పడదగిన నేరములు తప్ప తక్కినవానిలో, సొంత పూచీకత్తుపై విడువవలయుననిరి. ఆ శాసనపు స్థానమున వచ్చిన క్రొత్త సంహితలో తొలి నేరమువానికి మూడవవంతే చాలుననిరి. అనగా వీరిలో ఎందరికో గేటు చట్టరీత్యా తెరచియే యున్నది. కాని వెంట తిరుగు బంధువు లేడు, ఫైలు కదలించు ప్లీడరు లేడు, తేదీ లెక్కించు గుమాస్తా లేడు. వీరు గోడనెక్కరు, మిఠాయి పంచరు, తెరల కారు తెప్పింపరు, గుండెనొప్పి నటింపరు. ఆ విద్యలన్నియు సొమ్ముతోను ధైర్యముతోను కూడినవి. ఇటువంటివారి విషయమున మాత్రము మా వీధిపెద్దగారి మాట అక్షరసత్యము: ఆ గోడ దుర్భేద్యమే.

కావున రాబోవు విచారణ సంఘమువారికి నాదొక విన్నపము. మీరు వచ్చుట ఖాయము, ఎవడో యొకడు పోవుట ఖాయము గనుక. ఈ మారు ఆ రెండడుగుల గోడ సొమ్ముతో ఒక్కొక్క జైలునకు ఒక్కొక్క గుమాస్తాను నియమించి, సగము శిక్షాకాలము దాటినవారి పట్టీ వ్రాయించి, కోర్టుకు పంపుడు. ఆ పట్టీలోనివారందరు ఒక్కమారుగ గేటుగుండ వెలికివచ్చిన దినమున, ఈ దేశచరిత్రలో అంతమంది ఒకేనాడు జైలునుండి పోవుట అదియే మొదటిసారి యగును. ఆ రాత్రి కావలి కాచినవానిని సస్పెండు చేయు పనియు మీకు తప్పును.