కొలిమిగుండ్లకు త్రీడీ నమూనా చేసేవారికి కొన్ని సలహాలు

ముందు పేరు పెట్టండి. 'నమూనా' అంటే చిన్న బిల్లు, 'డిజిటల్ ట్విన్' అంటే పెద్ద బిల్లు.

ఊరికి రావద్దు. డ్రోన్ ఉంది కదా! దానికి బండల మిద్దె పైకప్పు కనిపిస్తుంది, మిద్దె కింద ఎన్ని కాపురాలున్నాయో కనిపించదు. ఇంకా మంచిది. ఆరబోసిన మిరపకాయలను సాఫ్ట్‌వేర్ ఎర్ర పెంకులనుకుంటే అనుకోనివ్వండి, బొమ్మకు రంగొస్తుంది.

రంగంటే గుర్తొచ్చింది. నాపరాళ్ల దుమ్ము పడ్డ ఆకులను కడిగి ముదురుపచ్చ చేయండి. బండల లారీలు తీసేసి, కుక్కపిల్లతో నడిచే విదేశీ జంటను పెట్టండి. సాఫ్ట్‌వేర్‌లో వాళ్లు ఉచితంగా దొరుకుతారు. సూర్యుణ్ణి పొద్దున ఏడింటికే నిలబెట్టండి. మే నెల మధ్యాహ్నం ఏ గోడ నీడ ఎటు పడుతుందో ఈ సాఫ్ట్‌వేర్ నిమిషంలో చెప్పగలదు. బస్సు కోసం నిలబడేవాళ్లకు చెట్టు ఎక్కడ నాటాలో తేలిపోతుంది. అలాంటి పనికొచ్చే ప్రశ్న పొరపాటున కూడా అడగకండి.

అన్నిటికన్నా ముఖ్యం: నేల కింద ఉన్నవాటి జోలికి పోవద్దు. కొలిమిగుండ్ల మండలంలోనే బెలుం ఉంది. సున్నపురాతిని నీళ్లు తొలిచి చేసిన 3,229 మీటర్ల గుహలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాసిపెట్టాడు. 1982లో, 83లో డేనియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలికి దిగి పరిశోధించింది. పాతాళగంగ దగ్గర లోతు 46 మీటర్లు. ఎంత వృథా శ్రమ! మన నమూనాలో నేలంటే ఒక గీత. సున్నపురాతి నేలలో వాననీరు ఎటు పారి, ఎక్కడ ఇంకుతుందో తెలియకుండా మురుగుకాలువ గీయకూడదని ఏ జియాలజిస్టో గొణుగుతాడు. టీ ఇచ్చి పంపేయండి.

అమరావతిని చూసి నేర్చుకోండి. 2015 అక్టోబర్ 22న శంకుస్థాపన, ఫోస్టర్ సంస్థ డిజైన్లు, 2017లో దర్శకుడు రాజమౌళి సూచనలు. ఆ నగరానికి డిజిటల్ ట్విన్ చేస్తామని షికాగో కంపెనీ సిటీజెనిత్ ముందుకొచ్చింది. తెరమీద నగరం ఏనాడో పూర్తయింది. భూములిచ్చిన రైతులు మాత్రం 2019 డిసెంబర్ నుంచి ఏళ్ల తరబడి దీక్షా శిబిరాల్లో కూర్చున్నారు. పనులకు మళ్లీ శ్రీకారం చుట్టింది 2025 మే 2న. సిమెంటు కన్నా వీడియో త్వరగా ఆరుతుంది కాబట్టి ముందు వీడియో తీయండి.

చివరిది గ్రామసభ. లాప్‌టాప్ చూపండి, మౌస్ మాత్రం వదలకండి. "నా ఇల్లు యాడుంది నాయనా?" అని ఒక అవ్వ అడుగుతుంది. రోడ్డు వెడల్పు చేసిన తర్వాతి బొమ్మ అయితే వెంటనే గుహల వైపు తిప్పి, "టూరిజం చూడవ్వా" అనండి.

మీది ఆ మండలమే అయితే, సభకు తప్పక వెళ్లండి. మౌస్ అడిగి తీసుకోండి.