ఎంపీ కావాలా? విశాఖ రండి!

సొంత జిల్లాలో టికెట్ దొరకని నాయకులారా, బెంగ పెట్టుకోకండి. విశాఖపట్నం ఉంది. ఇక్కడి లోక్‌సభ స్థానానికి పుట్టిన ఊరి ధ్రువపత్రం అడగం. నెల్లూరు జిల్లా నుంచి టి. సుబ్బరామిరెడ్డి గారొస్తే 1996లోనూ 1998లోనూ గెలిపించాం. అదే జిల్లా నుంచి మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి గారొస్తే 2004లో పంపించాం. 2009లో పురందేశ్వరి గారు బాపట్ల వదిలి వస్తే హారతి పట్టాం. అదే పురందేశ్వరి గారు 2019లో కమలం పట్టుకొస్తే మాత్రం డిపాజిట్ కూడా దక్కనివ్వలేదు. ఎంత కలుపుగోలు ఊరో అంత మతిమరుపు ఊరు!

ఒక్క రహస్యం చెబుతాం, రాసిపెట్టుకోండి. ఈ ఊరు ఎవర్నో గెలిపించడానికి ఓటెయ్యదు, ఎవర్నో సాగనంపడానికి వేస్తుంది. 2014లో వై.ఎస్. విజయమ్మ గారు పోటీకి దిగారు. ‘కడప వాళ్లొస్తే మన స్థలాలు గోవిందా’ అన్న ప్రచారం ఎంవీపీ కాలనీ నుంచి సీతమ్మధార దాకా చుట్టేసింది. ఆమెపై పోటీ చేసిన హరిబాబు గారు ఏం చేస్తారని అడిగినవాళ్లు తక్కువ, విజయమ్మ గారు రాకుండా చూడాలన్నవాళ్లు ఎక్కువ. 2019లో రాష్ట్రమంతా వైసీపీ ఫ్యాను గాలికి 151 సీట్లు రాలితే నగరంలోని నాలుగు దిక్కుల సీట్లూ టీడీపీ సైకిలెక్కాయి. ఎంపీ సీటు మాత్రం 4,414 ఓట్లతో ఫ్యానుకే పోయింది. ఆ తర్వాత ‘మీకు రాజధాని ఇస్తాం’ అని నాలుగేళ్లకు పైగా ఊరించిన పార్టీని 2024లో 5,04,247 ఓట్ల తేడాతో ఇంటికి పంపాం. రాజధాని వస్తుందంటే మురిసిపోలేదు, కట్టడాల కోసం గుండు కొట్టించిన రుషికొండను చూసి హడలిపోయాం. స్థలం ఉన్నవాడి రాజకీయమే ఈ ఊరి రాజకీయం. స్థలం లేనివాడు కూడా అదే రాజకీయం చేస్తాడు, అదీ తమాషా.

ఇక ఉక్కు సంగతి. పోటీకొచ్చే ప్రతివాడూ మొదట కూర్మన్నపాలెంలోని ఉక్కు కార్మికుల దీక్షా శిబిరానికి వెళ్లాలి. చెప్పులు విడవాలి, మెడలో ఎర్ర కండువా వేయించుకోవాలి, పిడికిలి బిగించి ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అనాలి. ఫొటోలో టెంటూ ఫ్లెక్సీ రెండూ పడాలి. 1966లో ఇదే నినాదానికి 32 మంది ప్రాణాలిచ్చారు. ఇప్పుడు మైకు ఇస్తే చాలు. ప్లాంటుకు భూములిచ్చిన నిర్వాసితుడు మాత్రం ఉద్యోగం కోసం ఇచ్చిన ఆర్ కార్డుకు (పునరావాస కార్డుకు) ప్లాస్టిక్ కవరు తొడిగి, తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి అందిస్తున్నాడు. ఉద్యోగం రాలేదు గానీ, కార్డు చిరగలేదు.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఉక్కు ప్లాంటును నూటికి నూరుపాళ్లూ అమ్మేద్దామని తీర్మానించింది. నాయకులందరూ ఒక్కసారిగా ఉక్కుమనుషులైపోయారు. గంటా శ్రీనివాసరావు గారు ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు. దానికి ఆమోదం పడేసరికి 2024 జనవరి వచ్చింది, వెనకే మళ్లీ ఎన్నికలూ వచ్చాయి. పల్లా శ్రీనివాసరావు గారు నిరాహార దీక్ష చేశారు. అసెంబ్లీలో వైసీపీ ప్రభుత్వం వ్యతిరేక తీర్మానం చేసింది. ఢిల్లీలో ఎవరి మొహమాటాలు వాళ్లకున్నాయి. 2024లో ఏమైంది? అమ్ముతామన్న పార్టీ, అమ్మనివ్వమన్న పార్టీ ఒకే జెండా కర్రకు చెరో వైపు పట్టుకుని వచ్చాయి. కార్మికులు కాపురముండే గాజువాక ఆ కర్రకు 95,235 ఓట్ల ఆధిక్యం కట్టబెట్టింది. అది రాష్ట్రంలోనే రికార్డు. అమ్మేవాడూ కాపాడేవాడూ ఒకే ఆటోలో వస్తే మీటరు ఎవరు చూస్తారు?

ఆ తర్వాత 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. చప్పట్లు కొట్టాం, కొట్టాల్సిందే. కానీ ‘అమ్మం’ అన్న ఒక్క ముక్క కాగితం మీద రాలేదు. కాంట్రాక్టు కార్మికుడి గేట్‌పాస్ మాత్రం చప్పుడు లేకుండా వెనక్కి పోతోంది.

నగరపాలక సంస్థ కథ ఇంకా ముచ్చట. 2021లో 98 వార్డులకు 58 చోట్ల ఫ్యాను గెలిచింది. 2025 ఏప్రిల్‌లో అదే కౌన్సిల్‌లో 74 ఓట్లతో మేయరుపై అవిశ్వాసం నెగ్గింది. కార్పొరేటర్లు శిబిరాలకు వెళ్లొచ్చారు, కండువాలు మారాయి. మార్చుకోమని ఓటరు ఎప్పుడు చెప్పాడో ఆ ఓటరుకే తెలీదు. తెలుసుకునే తీరిక కూడా లేదు లెండి. 2024లో రాష్ట్రమంతా 80 శాతం దాటి ఓటేస్తే నగరం నడిబొడ్డు ఆ గీత దరిదాపులకు రాలేదు. బీచ్ రోడ్డు మీద మాత్రం రాజకీయ విశ్లేషణకు ఏనాడూ లోటు లేదు.

కోపం మీద వేసిన ఓటుకు బాకీ ఉండదు. సాగనంపమన్నారు, సాగనంపాం, లెక్క సరి అంటాడు గెలిచినవాడు. ఫలానా పని చేయమని ఓటేసి ఉంటే కాలరు పట్టుకునే హక్కుండేది. మనం వేసింది ఎదుటివాడి మీద కసితో గనక, ఆ 5,04,247 ఓట్లకు ఢిల్లీలో ఉన్న విలువ 4,414 ఓట్లకు ఉన్నంతే. మళ్లీ కండువా వేయించుకోవడానికి వచ్చినవాడి చేతిలో మైకు పెట్టే ముందు ఒక్క కాగితం అడగండి: 2021 నాటి నిర్ణయాన్ని రద్దు చేసిన ఉత్తర్వు. తెస్తే మైకివ్వండి. తేకపోతే, పక్క జిల్లాలో ఖాళీ సీటుందేమో కనుక్కోమనండి.